హికోజో తిరగేసి అంటించిన బొమ్మ

మా సందులోకి కొత్తగా వచ్చినవాళ్ళు హికోజో అన్నకి చెవుడు అనుకునేవారు. చెవుడు కాదు, ఎదుటివాడి మాట వినే అలవాటు లేదంతే. తను మాట్లాడుతుండగా ఎవరైనా నోరు తెరిస్తే, పాపం ఆవలింత వచ్చిందేమో అనుకుని కాసేపు ఆగి, మళ్ళీ మొదలుపెట్టేవాడు. మాట్లాడేదంతా తలల గురించి. తలలంటే రంగస్థలం మీద ఆడవేషం కట్టి నాట్యం చేసే నటుల తలలు. వాటిని చెర్రీ చెక్క మీద చెక్కడమే ఆయన బతుకు.

మా ఎడో నగరంలో ఒక్క నటుడి బొమ్మ అచ్చులో రావాలంటే నలుగురు కావాలి. ఒకడు గీస్తాడు, ఒకడు చెక్కుతాడు, ఒకడు అచ్చేస్తాడు, ఒకడు అమ్ముకుంటాడు. గీసినవాడి పేరు బొమ్మ మీద ఉంటుంది. అమ్మేవాడి ముద్ర ఉంటుంది. చెక్కినవాడు ఏ మూలో తన పేరు దూర్చుకున్న సందర్భాలూ ఉన్నాయి. అచ్చేసే మా పేరు మాత్రం ఎక్కడా ఉండదు. నా పేరు కన్‌రోకు. ముప్పైరెండేళ్ళు అచ్చేశాను. ఇప్పుడిక్కడ రాసుకుంటున్నాను కాబట్టి సరిపోయింది.

చెక్కేవాళ్ళలో మళ్ళీ కులాలున్నాయి. బట్టలు, చేతులు, వెనకాల చెట్లు చెక్కేవాడు తక్కువ. తల చెక్కేవాడు ఎక్కువ. నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోట ఒక బియ్యపు గింజ వెడల్పులో ఇరవై వెంట్రుకలు విడివిడిగా నిలబెట్టాలి. "గీసేవాడు అక్కడ ఇంత మసి పూసి పంపుతాడు. ఆ మసిలోంచి వెంట్రుకలు తీసేది ఎవరు? నేను!" అనేవాడు హికోజో. అది నిజమే. తల చెక్కేవాడికి కిటికీ కింద చోటు. ఆ చోట్లో ఆయన ముప్పై ఏళ్ళు కూర్చున్నాడు.

ఆయన వెనకాల చీకట్లో ఇసోహచి కూర్చునేవాడు. ముప్పై అయిదేళ్ళ మనిషి. పద్దెనిమిదేళ్ళుగా హికోజో శిష్యుడు, పద్దెనిమిదేళ్ళుగా బట్టలే చెక్కుతున్నాడు. పొద్దున వచ్చి ఒక మాట, సాయంత్రం వెళ్తూ ఒక మాట, అంతే వాడి వాగ్ధాటి. గురువు పక్కన ఉండగా మాటలు ఖర్చు పెట్టుకోవాల్సిన అవసరమేముంది వాడికి?

ఇంతకీ ఇంతమంది నటుల తలలు చెక్కిన మహానుభావుడు ఒక్కసారి కూడా నాటకానికి వెళ్ళలేదు. ఆయన భార్య ఒరికు వదినకి నాటకాలంటే ప్రాణం. కొత్త ఆట పడిందంటే తెల్లవారకముందే మూటలో అన్నం ముద్దలు కట్టుకుని పోయేది. మొగుణ్ణి రమ్మంటే ఆయన ముక్కు పైకెత్తేవాడు.

"ఆ తలలన్నీ నా చేతిలో పుట్టినవే. కన్నబిడ్డల్ని చూడ్డానికి టిక్కెట్టు కొనుక్కోవాలా?"

"కన్నబిడ్డలకి ఒళ్ళు కూడా ఉంటుంది. నువ్వు మెడ కింద ఎప్పుడైనా చూశావా?" అనేది వదిన.

చలికాలంలో ఆయన చెక్కిన తల ఒకటి పాడైంది. నేనే అచ్చు తీశాను. నుదుటి మీద ఇరవై వెంట్రుకలుండాల్సిన చోట ఒక్కటే నల్లటి ముద్ద వచ్చింది, వంకాయ పచ్చడి అంటుకున్నట్టు. హికోజో చెక్క మంచిది కాదన్నాడు. తర్వాత ఉలి మంచిది కాదన్నాడు. తర్వాత నేను రంగు ఎక్కువ పూశానన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని నేను గట్టిగానే అన్నాను. పది రోజులు మాకు మాటల్లేవు, అంటే ఆయన మాట్లాడాడు, నేను మాట్లాడలేదు.

బొమ్మలు అమ్మే మా షావుకారు ఉహెయి ఆ కాగితం పట్టుకుని పనిశాలకి వచ్చాడు. మంచివాడే, కానీ నష్టం వచ్చినప్పుడు కాదు.

"హికోజో, కళ్ళెలా ఉన్నాయి?"

"గద్ద కళ్ళు షావుకారు గారూ! నది అవతల ఒడ్డున ఎవరు తుమ్మారో చెప్తాను."

"తుమ్ము చెవులతో కదా వినేది. సరే, ఒక్క మాట చెప్తున్నా విను. ఇంకొక్క పలక పాడైందంటే కిటికీ చోటు ఇసోహచిది. నువ్వు వెనక్కి జరిగి బట్టలు చెక్కుకో."

ఆయన వెళ్ళాక హికోజో ఉలి తీసి నూరడం మొదలుపెట్టాడు. అరవైకి దగ్గర పడ్డాక శిష్యుడి వెనకాల కూర్చుని, వాడు చెక్కిన తలలకి తను బట్టలు తొడగాలి. అంతకంటే పస్తు పడుకోవడం నయమని ఆయన మొహం మీద రాసుంది. ఇసోహచి తల వంచుకుని బట్ట అంచేదో చెక్కుతూనే ఉన్నాడు.

మూడో నెల రానే వచ్చింది. హనగిరి కొరాకు కొత్త నాట్యం కడుతున్నాడని ఊరంతా కోడై కూసింది. కొరాకు అంటే అప్పట్లో ఆడవేషాలకి పెట్టింది పేరు. రేవు దగ్గర పడవ కోసం చూసే పిల్లగా, విసనకర్ర పట్టుకుని ఆడతాడట. ఆట మొదలయ్యే ముందు రోజుకే బొమ్మ దుకాణంలో వేలాడాలి, లేకపోతే పక్క దుకాణంవాడు లాభం తన్నుకుపోతాడు. అందుకని మేం ఎవరూ చూడని నాట్యాన్నే గీస్తాం, చెక్కుతాం, అచ్చేస్తాం. చిత్రకారుడు బొమ్మ గీసి పంపి, అటునుంచి అటే వేడినీటి బుగ్గలకి వెళ్ళిపోయాడు.

పలుచటి కాగితం మీద గీసిన ఆ బొమ్మని చెక్క మీద బోర్లా అంటించాలి. అప్పుడు చెక్క మీద బొమ్మ ఎడమది కుడిగా, కుడిది ఎడమగా కనిపిస్తుంది. దాన్ని అచ్చేస్తే మళ్ళీ సరిగ్గా వస్తుంది. అంటించే పని ఎప్పుడూ ఇసోహచిదే. కానీ ఆ రోజు హికోజో వాడి చేతిలోంచి జిగురు గిన్నె లాక్కున్నాడు.

"ఇటు తే. నువ్వు అంటిస్తే ముడతలొస్తాయి. అందుకే ఆ జుట్టు అలా ముద్దయింది. ఇప్పుడు చూడు గద్ద కళ్ళు ఎలా పనిచేస్తాయో!"

కాగితం ఎంత పలుచనంటే రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. సిరా మెరుపు చూసి పోల్చుకోవాలి. హికోజో ఆ మెరుపు చూడలేదు. చూసినట్టు తల మాత్రం ఊపాడు. బోర్లా పడాల్సిన బొమ్మ వెల్లకిలా పడింది. కొరాకు పేరు, గీసినవాడి పేరు, షావుకారు ముద్ర ఉన్న చిన్న చీటీని తర్వాత ఇసోహచి వేరేగా, సరిగ్గానే అంటించాడు. ఆపైన ఇద్దరూ రెండు పగళ్ళు తల ఎత్తకుండా చెక్కారు.

నువ్వు అచ్చేస్తూ చూసుకోలేదా అని మీరు అడుగుతారు. అందరూ అడిగారు. అచ్చేసేవాడికైనా చెక్కేవాడికైనా గీత కనిపిస్తుంది, బొమ్మ కనిపించదు. గీత తెగిందా, రంగు గీత దాటిందా, అదే మా లోకం. పైగా నేను చేసిన ఘనకార్యం ఇంకొకటుంది. అప్పుడే ఓడల్లో పరదేశపు నీలం దిగింది. జనం ఆ నీలం అంటే పడి చస్తున్నారు. కొరాకు బట్టలకి లేత నీలం వేద్దామని షావుకారికి సలహా ఇచ్చింది నేనే.

ముందు రోజు పొద్దున్నే దుకాణం ముందు తాడుకి బొమ్మలు వేలాడదీశాం. అచ్చు అద్భుతంగా వచ్చింది. నేను, హికోజో, షావుకారు వరసగా నిలబడి చూసుకుని మురిసిపోతున్నాం. అప్పుడే టోఫు కొనుక్కుని ఇంటికి వెళ్తున్న ఒరికు వదిన ఆగింది. బొమ్మ చూసింది. చేతిలో గిన్నె కింద పడింది.

"అయ్యో! కొరాకు గారు ఎప్పుడు పోయారు?"

"పోవడమేంటి? రేపేగా ఆట!" అన్నాడు షావుకారు.

"మరి శవానికి కట్టినట్టు కట్టారేం?"

బతికున్నవాళ్ళు ఎడమ అంచు పైకి వచ్చేలా వస్త్రం కట్టుకుంటారు. కుడి అంచు పైకి కట్టేది పాడె ఎక్కించే ముందే. మా బొమ్మలో కొరాకు కుడి అంచు పైకి పెట్టుకుని, ఎడమ చేత్తో విసనకర్ర పట్టుకుని, చల్లగా నవ్వుతున్నాడు. దానికి తోడు లేత నీలం. మా ఊళ్ళో పేరున్న నటుడు చనిపోతే మర్నాటికే అతన్ని లేత నీలం బట్టల్లో అచ్చేసి అమ్ముతారు, జనం కొనుక్కుని ఏడుస్తారు. గుడ్డివాడు కూడా చేత్తో తడిమి చూసి ఇది చావు బొమ్మే అంటాడు.

షావుకారు తాడు లాగి బొమ్మలు దించేలోపే నలభై అమ్ముడయ్యాయి. కొన్నవాళ్ళంతా కళ్ళు తుడుచుకుంటూ పోయారు. మధ్యాహ్నానికి వార్త నదికి అవతల పడింది. కొరాకు పుట్టగొడుగులు తిని చచ్చాడన్నారు. కాదు, ప్రేమలో పడి నదిలో దూకాడన్నారు. సోబా సేమ్యాల అంగడి ముసలాడైతే దూకుతున్నప్పుడు తనే వద్దని బతిమాలానని చెప్పాడు.

షావుకారు తలుపులు మూసి మా ముగ్గురినీ వరసగా కూర్చోబెట్టాడు.

"ఎవడు? కాగితం అంటించినవాడు ఎవడు?"

నేను హికోజో వైపు చూశాను. ముప్పై ఏళ్ళుగా మూతపడని ఆ నోరు మూతపడింది. కుక్కిన పేనులా కూర్చున్నాడు. కిటికీ చోటు ఆయన కళ్ళ ముందు కదులుతోందని నాకు తెలుసు.

"నేనే," అన్నాడు ఇసోహచి. ఆ రోజుకి అది వాడి మొదటి మాట.

"అయితే రేపట్నించి రావద్దు."

"సరే." అది రెండోది.

వాడు తన ఉలులు గుడ్డలో చుట్టుకుని వెళ్ళిపోయాడు. నేనైనా నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. నీలం రంగు మాట ఎవరైనా ఎత్తుతారేమోనని నా భయం నాది. సిగ్గు లేకుండా ఒప్పుకుంటున్నాను.

ఆ సాయంత్రం ఒరికు వదిన కంగారుగా మా ఇంటికి వచ్చింది. "కన్‌రోకూ, మీ అన్న మాట్లాడ్డం లేదయ్యా! మిసో చారులో ఉప్పెక్కువైంది, అయినా తిట్టలేదు. వైద్యుణ్ణి పిలవమంటావా?" అంది. వైద్యుడు నయం చేసే జబ్బు కాదు వదినా అన్నాను.

మర్నాడు ఆట. వదిన ఎప్పట్లాగే తెల్లవారకముందే పోయి, వచ్చి చెప్పింది. నాటకశాల ముందు ఇసుక వేస్తే రాలనంత జనమట. సగం మంది కొరాకు బతికున్నాడో లేదో చూడ్డానికి, సగం మంది చచ్చినవాడు ఎలా ఆడతాడో చూడ్డానికి. జనం మధ్య నుంచి వేసిన బల్లదారి మీద కొరాకు నడిచి వస్తుంటే, ముందు వరసలో ఒక బియ్యం వర్తకుడు జపమాల తీశాడట. ఒకావిడ చెయ్యి చాపి కొరాకు పాదం గిల్లి చూసి, "వెచ్చగానే ఉంది!" అని అరిచిందట. ఆ దెబ్బకి నాటకశాల పైకప్పు ఎగిరిపోయేంత కేకలు.

మూడో రోజు మధ్యాహ్నం కొరాకు స్వయంగా షావుకారు దుకాణానికి వచ్చాడు. వెనక ఒక మనిషి సాకె సారా పీపా మోసుకొచ్చాడు. కొరాకు బయట కూడా ఆడదానిలాగే నడుస్తాడు, ఆడదానిలాగే కూర్చుంటాడు. షావుకారు నేలకి నుదురు ఆనించి లేవనంటాడు.

"లేవండి లేవండి. చచ్చినవాడికి దణ్ణాలెందుకు? మొన్న మా ఇంటికి పదకొండు కట్టల అగరొత్తులు వచ్చాయి తెలుసా? శవాన్ని కూర్చోబెట్టే పీపాలు చేసేవాడు కొలతల కోసం వచ్చాడు. తలుపు తీసింది నేనే. 'అమ్మా, పోయినాయన ఎత్తెంత?' అన్నాడు. 'ఇదిగో, నా అంత' అన్నాను."

షావుకారు నుదురు తుడుచుకుని లేచి కూర్చున్నాడు.

"ఇంకా వినండి. ఆరేళ్ళుగా నా మొహం చూడని నా పోటీవాడు వచ్చాడు. మా వాళ్ళ ముందు కూర్చుని, కొరాకు పాదాల లాంటి పాదాలు ఈ ఊళ్ళో మళ్ళీ పుట్టవని ఏడ్చాడు. నేను తెర వెనకే ఉన్నా. అంత బాగా చెప్తుంటే మధ్యలో ఎలా వస్తాను? పూర్తిగా చెప్పనిచ్చి అప్పుడు వచ్చాను. మనిషి మూర్ఛపోయాడు." కొరాకు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. "ఇరవై రోజుల వరకు నాటకశాలలో ఖాళీ లేదు. ఈ కాగితం తిరగేసి అంటించిన మహానుభావుడెవరు? నా విసనకర్ర ఆయన చేతికే ఇవ్వాలి. ఈ పీపా కూడా ఆయనదే."

షావుకారు మొహం ఒక్కసారి వెలిగింది. ఇసోహచి కోసం మనిషిని పరిగెత్తించాడు. వాడు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు, ఇంకేం తిట్లు మిగిలాయోనన్నట్టు.

"రావయ్యా ఇసోహచీ! నీ చెయ్యి బంగారం!" అన్నాడు షావుకారు. మూడు రోజుల కిందట తరిమేసింది ఈయనే.

కొరాకు విసనకర్ర రెండు చేతులతో పట్టుకుని ముందుకి చాపాడు. ఇసోహచి మెల్లగా చేతులు చాచబోయాడు. ఆ పక్కనే హికోజో కూర్చుని ఉన్నాడు. ఆయన మొహం ఎర్రబడింది, నల్లబడింది, మెడ నరాలు ఉబ్బాయి.

"అది నేను అంటించాను!"

దుకాణం అదిరింది.

"వాడు కాదు, నేను! వాడు ముడత లేకుండా అంటిస్తాడు, ఎప్పుడూ బోర్లానే అంటిస్తాడు, పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారి తప్పు చెయ్యలేదు వెధవ! వాడి వల్ల అయ్యే పనేనా ఇది? జిగురు గిన్నె లాక్కుని మరీ అంటించింది నేను!"

అది నిజాయితీయా, అసూయా అని నన్ను అడగొద్దు. రెండూ ఒకే గొంతులోంచి కలిసే వచ్చాయి. తన తప్పుకి తిట్లు పడ్డప్పుడు ఊరుకోగలిగాడు. తన తప్పుకి ఇంకొకడు మెప్పు పొందడం మాత్రం ఆయన తట్టుకోలేకపోయాడు.

అందరం ఆయన్నే చూస్తున్నాం. ఆయన మాత్రం షావుకారిని చూశాడు. అప్పుడు అర్థమైంది ఆయనకి, తన నోటితో తను ఏం చెప్పుకున్నాడో.

"నువ్వా?" అన్నాడు షావుకారు నెమ్మదిగా. "ఏ వైపు సిరా ఉందో కనిపించలేదా?"

ఇసోహచి గబగబా, "లేదండీ, నేనే, నేనే అంటించాను" అన్నాడు. వాడు ఒక్క గుక్కలో అన్ని మాటలు అనడం నేను వినడం అదే మొదటిసారి.

"నోర్ముయ్యరా. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే." హికోజో గొంతు దిగిపోయింది. "కనిపించలేదు షావుకారు గారూ. తెల్లగా మంచు కమ్మినట్టుంటుంది. ఈ బాబు మొహం కూడా నాకు తెల్ల ముద్దలాగే కనిపిస్తోంది."

"తెల్ల పొడి పూసుకున్నాను లెండి," అన్నాడు కొరాకు, మెత్తగా. అందరూ నవ్వాల్సిన మాటే. ఎవరూ నవ్వలేదు. ఆయన విసనకర్ర హికోజో చేతుల్లో పెట్టి, వేళ్ళు దాని చుట్టూ మూసి, లేచి వెళ్ళిపోయాడు.

షావుకారు మాట తప్పలేదు. తప్పి ఉంటే బాగుండునని నాకు అనిపించింది, కానీ తలలు చెడితే అందరి పొట్టలూ మాడతాయి, అది హికోజోకీ తెలుసు. మర్నాడు పొద్దున ఆయనే ముందు వచ్చి, తన చాప చుట్టి, వెనక చీకట్లో పరుచుకున్నాడు. ఇసోహచి వచ్చి చూసి, కిటికీ దగ్గరకి వెళ్ళకుండా నిలబడిపోయాడు.

"వెలుగు మీకే కావాలి కదా గురువుగారూ. మీరు ఇక్కడ కూర్చోండి."

"కిటికీ తల చెక్కేవాడిది. కూర్చో."

వాడు కూర్చున్నాడు. నేను పలకలు తీసుకెళ్ళడానికి వచ్చి గుమ్మంలో ఉండిపోయాను. ఇద్దరూ ఉలులు పట్టుకున్నారు. హికోజో ఒక అంగీ చేతి మడతలు వేలితో తడుముకుంటూ చెక్కడం మొదలుపెట్టాడు. కాసేపటికి తల ఎత్తకుండానే మాట్లాడాడు.

"రెండేళ్ళయిందిరా. వెంట్రుకలు కనబడవు. అలవాటు మీద చెక్కేస్తున్నా. దేవుడి దయ, ఆ చలికాలం పలక తప్ప అన్నీ బాగానే వచ్చాయి."

ఇసోహచి ఉలి ఆగింది.

"మీరు ఊరి స్నానశాలకి వెళ్ళినప్పుడు నేను సరిచేసేవాణ్ణండీ," అన్నాడు. "చలికాలంలో నాకు జ్వరం వచ్చి నాలుగు రోజులు రాలేదు. అప్పుడే ఆ పలక..."

మిగతాది వాడు మింగేశాడు. హికోజో ఉలి కింద పెట్టాడు. ఏ గిన్నో విసిరేస్తాడని నేను ఒక అడుగు వెనక్కి వేశాను. ఆయన విసరలేదు. కళ్ళు చికిలించి వాడి వీపు కేసి చూశాడు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ ముసలాడంటే నాకు ఎంత ఇష్టమో అప్పటిదాకా నాకే తెలీదు.

"అదా సంగతి!" అన్నాడు చివరికి. "ఈ రెండేళ్ళుగా జుట్టు మునుపటికంటే బాగా వస్తోందని, వయసుతో పాటు చెయ్యి తిరుగుతోందని, ఊరంతా చెప్పుకుని తిరిగాను కదరా!"

మళ్ళీ ఉలి అందుకున్నాడు.

"ఆ కిటికీ తలుపు ఇంకాస్త పక్కకి జరుపు. నీ చేతి మీద నీడ పడుతోంది."